పాత మెయిల్‌ని ఉన్నదున్నట్టు ఇంకొకరికి పంపడం: టెర్మినల్ నుంచి ఎలా చేయాలి

మార్చి వచ్చిందంటే చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల నుంచి, కావలి, నెల్లూరు వైపు రొయ్యల ఎగుమతి ఆఫీసుల నుంచి నాకు ఒకటే ఫోన్లు. "అన్నా, పోయిన ఏడాది బయ్యర్ పంపిన మెయిల్స్ ఆడిటర్ గారికి పంపాలి. ఫార్వర్డ్ చేస్తే ఆయన ఒప్పుకోవడం లేదు, బయ్యర్ దగ్గర్నుంచి వచ్చింది వచ్చినట్టే కావాలంటున్నారు. ఏం చేసేది?" ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను.

ఫార్వర్డ్ కొడితే అది మీరు రాసిన కొత్త మెయిల్ అవుతుంది. ఫ్రమ్‌లో మీ పేరు, తేదీ ఈరోజుది, సబ్జెక్ట్ ముందు ఒక తోక, పాత మెయిల్ అంతా కింద కోట్ చేసినట్టు పడుతుంది. మనకు కావాల్సింది అది కాదు. వెనకటికి ఇల్లు మారితే పోస్ట్‌మ్యాన్ కవరు మీద పాత అడ్రస్ కొట్టేసి కొత్త ఊరి పేరు రాసి పంపేవాడు కదా, లోపలి ఉత్తరం ముట్టుకునేవాడు కాదు. అదే పని ఇక్కడా. మెయిల్‌కి కూడా కవరు వేరు, ఉత్తరం వేరు. ఉత్తరంలో టూ అని ఏం రాసి ఉన్నా, సర్వర్ చూసేది కవరు మీది అడ్రసే. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద ఏ స్టెప్ ఎందుకో మీకే తెలుస్తుంది, ఇంతకు మించి థియరీ చెప్పను.

ఒకటి రెండు మెయిల్స్ మాత్రమే అయితే ఇదంతా అక్కర్లేదు, థండర్‌బర్డ్‌లో రీడైరెక్ట్ అని ఉంటుంది, అది చాలు. నలభై, యాభై ఉన్నప్పుడే టెర్మినల్, అంటే కమాండ్‌లు టైప్ చేసే విండో, అవసరం పడుతుంది.

కమాండ్‌లను ఫోన్‌లో చెప్పినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లో, అన్నీ చిన్న అక్షరాలే. ఎక్కడైనా పెద్ద అక్షరం కావాలంటే ప్రత్యేకంగా చెబుతాను.

కావాల్సినవి

- లైనక్స్ మెషిన్, లేదా విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపేది) ద్వారా వేసుకున్న ఉబుంటు.
- మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్. స్పెల్లింగ్ ఎం, యు, టి, టి. ఉబుంటులో "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మట్" అంటే వచ్చేస్తుంది. నియోమట్ ఉన్నా పర్లేదు, ఇక్కడ చెప్పే మీటలు రెండింటిలోనూ ఒకటే.
- మీ సొంత డొమైన్‌కి మెయిల్ పంపే సర్వర్, ఉదాహరణకు పోస్ట్‌ఫిక్స్. ఇది ముఖ్యం, కారణం కింద ఉంది.
- టెస్ట్ చేయడానికి మీదే ఇంకో మెయిల్ ఐడీ, అది వేరే మెయిల్ కంపెనీది అయి ఉండాలి.
- ఆ మెయిల్స్ బయటివాళ్లకు ఇవ్వొచ్చని ఓనర్ అనుమతి. జీతాల లెక్కలు, బ్యాంకు వివరాలు ఉన్నవి ముందే పక్కన పెట్టండి. పంపిన మెయిల్ వెనక్కి రాదు.

మొదలుపెట్టే ముందే ఒక హెచ్చరిక. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటున్నారు. మీ మెయిల్ బయటికి వెళ్లేది జీమెయిల్ సర్వర్ మీదుగా అయితే, మీ అకౌంట్‌లో లేని ఫ్రమ్ అడ్రస్‌ను జీమెయిల్ ఒప్పుకోదు, దాన్ని తీసేసి మీ అడ్రస్ పెట్టేస్తుంది. బయ్యర్ పేరుతో వెళ్లాల్సింది మీ పేరుతో వెళుతుంది, పైగా ఏ ఎర్రరూ రాదు కాబట్టి మీకు తెలియను కూడా తెలియదు. మైక్రోసాఫ్ట్ 365 అయితే చాలావరకు తిప్పికొడుతుంది, ఎర్రర్‌లో సెండ్ యాజ్ డినైడ్ అన్న మాట ఉంటుంది. షేర్డ్ హోస్టింగ్ సర్వర్లు కొన్ని ఇలా, కొన్ని అలా. అందుకే సొంత సర్వర్ అన్నాను. అది లేనివాళ్లకు వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను.

మొదటి పద్ధతి: మట్‌లో బౌన్స్

బౌన్స్ అనగానే మెయిల్ చేరక తిరిగి వచ్చిందేమో అని టెన్షన్ పడకండి. మట్‌లో బౌన్స్ అంటే కవరు మార్చి మళ్లీ పంపడం అంతే.

1. ముందుగా సెట్టింగ్స్. మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్‌తో మొదలయ్యే మట్ఆర్‌సీ ఫైలు తెరవండి, లేకపోతే కొత్తగా చేయండి. అందులో మూడు లైన్లు రాయాలి:

సెట్ యూజ్_ఎన్వలప్_ఫ్రమ్ = యెస్
సెట్ ఎన్వలప్_ఫ్రమ్_అడ్రస్ = "మీ ఆఫీసు మెయిల్ ఐడీ"
అన్‌సెట్ బౌన్స్_డెలివర్డ్

మొదటి రెండూ కవరు వెనక పంపినవారి అడ్రస్ సరిగ్గా పడడానికి. ఇవి లేకపోతే మెషిన్ తన సొంత పేరు వేస్తుంది, అది లోకల్‌హోస్ట్ లాంటిదేదో అయి ఉంటుంది, అవతలి సర్వర్ గుమ్మంలోనే ఆపేస్తుంది. మూడోది పోస్ట్‌ఫిక్స్ వాడేవాళ్ల కోసం. పాత మెయిల్‌లో డెలివర్డ్‌టూ అనే లైను ఉంటుంది. దాన్ని అలాగే పంపితే, అదే అడ్రస్‌కి మళ్లీ చేరాల్సి వచ్చినప్పుడు పోస్ట్‌ఫిక్స్ "ఇది ఇప్పటికే ఇక్కడికి వచ్చింది, చుట్టూ తిరుగుతోంది" అనుకుని మెయిల్ ఫార్వర్డింగ్ లూప్ అన్న ఎర్రర్‌తో వెనక్కి పంపిస్తుంది. ఒంగోలులో ఒక ఆఫీసులో ఈ ఒక్క లైను లేక రెండు రోజులు కేబుల్స్, రౌటర్లు మార్చి చూశారు.

2. మట్ తెరిచి, మెయిల్ మీదికి వెళ్లి, బి నొక్కండి. కింద "బౌన్స్ మెసేజ్ టూ" అని అడుగుతుంది. మొదటిసారి ఆడిటర్ ఐడీ ఇవ్వొద్దు. మీ టెస్ట్ ఐడీ ఇవ్వండి. ఎంటర్ కొడితే నిజంగా పంపాలా అని ఇంకోసారి అడుగుతుంది, వై నొక్కండి.

3. టెస్ట్ ఐడీలో చూడండి. ఫ్రమ్‌లో బయ్యర్ పేరు, తేదీ పాతది, టూలో మీ ఆఫీసు ఐడీ, అటాచ్‌మెంట్ తెరుచుకోవాలి. ఈ నాలుగూ సరిపోతేనే ముందుకు వెళ్లండి. ఒక్కటి తేడా ఉన్నా ఆగండి.

4. ఇప్పుడు అసలు పని. ఒకేసారి చాలా మెయిల్స్ పంపాలంటే వాటికి గుర్తు పెట్టాలి. ఒక్కోదానికి అయితే చిన్న టి. ఒక బయ్యర్‌వి మొత్తం కావాలంటే పెద్ద టి నొక్కి, టిల్డే గుర్తు, వెంటనే ఎఫ్, ఒక స్పేస్, బయ్యర్ పేరు. సబ్జెక్ట్‌లో ఇన్‌వాయిస్ అన్న మాట ఉన్నవే కావాలంటే ఎఫ్ బదులు ఎస్. ఎంటర్ కొడితే వాటి పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. ఇక్కడ తొందరపడొద్దు, పైనుంచి కిందికి ఒకసారి చూసుకోండి, పేరులో అక్షరాలు కలిసే వేరే బయ్యర్ మెయిల్ కూడా గుర్తు పడి ఉండొచ్చు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, చివర్లో ఆ అంకె పనికొస్తుంది.

5. సెమీకోలన్ నొక్కి, తర్వాత బి. సెమీకోలన్ అంటే "గుర్తు పెట్టినవాటన్నిటికీ" అని. అది మర్చిపోతే కర్సర్ ఉన్న ఒక్క మెయిల్ మాత్రమే వెళుతుంది. అడ్రస్ ఇవ్వండి. ఇద్దరు ముగ్గురికైతే మధ్యలో కామా.

ఆ ఇద్దరు ముగ్గురి విషయంలో ఒక జాగ్రత్త. మట్ వాళ్లందరి ఐడీలనూ రీసెంట్‌టూ అనే లైనులో రాస్తుంది, హెడర్లు తెరిచిచూస్తే ఒకరి ఐడీ ఇంకొకరికి కనిపిస్తుంది. ఆడిటర్‌కి, బ్యాంకు మేనేజర్‌కి పంపుతున్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియకూడదు అనుకుంటే విడివిడిగా పంపండి.

6. బౌన్స్ చేసిన మెయిల్స్ సెంట్ ఫోల్డర్‌లో పడవు. "పంపలేదేమో" అనుకుని మళ్లీ మళ్లీ పంపినవాళ్లు ఉన్నారు, ఆడిటర్ గారి ఇన్‌బాక్స్‌లో ఒకే ఇన్‌వాయిస్ నాలుగు కాపీలు. వెళ్లిందో లేదో సెంట్‌లో కాదు, సర్వర్ లాగ్‌లో చూడాలి.

మట్‌లో ఎస్కేప్ నొక్కి ఇంగ్లిష్ 'ఈ' కొడితే రీసెండ్ మెసేజ్ అని ఇంకొకటి వస్తుంది. పేరు చూసి చాలామంది ఇదే అనుకుంటారు. కాదు, అది పాత మెయిల్‌ని నమూనాగా తీసుకుని మీ పేరుతో కొత్త మెయిల్ తయారుచేస్తుంది. మీరే పంపిన మెయిల్‌లో అడ్రస్ తప్పు పడితే దిద్ది పంపుకోవడానికి బాగుంటుంది, మన పనికి మాత్రం వద్దు.

రెండో పద్ధతి: మెయిల్ ఫైలుగా ఉంటే

చాలామంది దగ్గర మెయిల్స్ ఈఎంఎల్ ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో ఉంటాయి. వాటికి మట్ తెరవక్కర్లేదు.

1. ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని ఆ కాపీలే వాడండి, అసలు ఫైలు ముట్టుకోవద్దు. మట్ లోంచే ఫైలుగా తీయాలంటే పెద్ద సి నొక్కండి, అది కాపీ. చిన్న ఎస్ నొక్కితే ఫైలైతే తయారవుతుంది గానీ, అసలు మెయిల్ మీద డిలీట్ గుర్తు పడుతుంది, బయటికి వచ్చేటప్పుడు చూసుకోకుండా వై కొడితే మెయిల్‌బాక్స్ నుంచి పోతుంది.

2. "హెడ్ ఫైలుపేరు" అని కొట్టి మొదటి లైన్లు చూడండి. మొట్టమొదటి లైను ఫ్రమ్ అన్న మాట, వెంటనే కోలన్ లేకుండా స్పేస్ ఉంటే అది మెయిల్‌బాక్స్ వాడుకునే గుర్తు, మెయిల్‌లో భాగం కాదు. ఎడిటర్‌లో ఆ ఒక్క లైను తీసేయండి. ఫ్రమ్ పక్కన కోలన్ ఉంటే అది అసలు హెడర్, దాన్ని కదిలించకండి.

3. విండోస్‌లో దింపిన ఫైలైతే లైను చివర్లు తేడాగా ఉంటాయి. డాస్2యునిక్స్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని, "డాస్2యునిక్స్ ఫైలుపేరు" అని ఒకసారి నడపండి.

4. పంపే కమాండ్ ఇది:

సెండ్‌మెయిల్ -ఐ -ఎఫ్ మీఐడీ ఆడిటర్‌ఐడీ < ఇన్‌వాయిస్.ఈఎంఎల్

సెండ్‌మెయిల్ అన్నది కమాండ్ పేరు మాత్రమే, పోస్ట్‌ఫిక్స్ ఉన్న మెషిన్‌లో కూడా ఇదే పేరుతో ఉంటుంది. -ఎఫ్ కవరు మీద పంపినవారి ఐడీ. -ఐ ఎందుకంటే, మెయిల్ మధ్యలో ఎక్కడైనా ఒక్క చుక్క మాత్రమే ఉన్న లైను వస్తే సెండ్‌మెయిల్ మెయిల్ అయిపోయిందని అక్కడే ఆపేస్తుంది. అటాచ్‌మెంట్ సగంలో తెగిపోయిందని ఫోన్ చేసేవాళ్లను మొదట ఇదే అడుగుతాను.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద తప్పు. నెట్‌లో ఎక్కడో చూసి -టి కలుపుతారు. -టి అంటే "అడ్రసులు మెయిల్ లోపలి టూ, సీసీ చూసి తీసుకో" అని. అలా పంపితే ఆ పాత మెయిల్ మొదట ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ ఇంకోసారి వెళుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఒక గ్రానైట్ ఆఫీసులో ఈ తప్పు చేశాను. ఏడాది కిందటి రేట్ల మెయిల్ సీసీలో ఉన్న బయ్యర్లందరికీ మళ్లీ చేరింది, ఇద్దరు అదే పాత రేటుకి ఆర్డర్ పెడతామని కూర్చున్నారు, ఓనర్ వాళ్లతో మాట్లాడి సర్దడానికి వారం పట్టింది. ఆ వారం నాకు నిద్ర లేదు. కాబట్టి ఈ పనిలో -టి అనే అక్షరం మీ కమాండ్‌లో ఉండకూడదు. ఎంటర్ కొట్టే ముందు ఒకసారి చదువుకోండి.

5. పైన చెప్పిన కమాండ్‌తో మెయిల్ వెళుతుంది కానీ, ఎవరు మళ్లీ పంపారో లోపల ఎక్కడా ఉండదు. మర్యాద ఏంటంటే ఆ వివరం పైన రాయడం. మట్ దానంతట అదే రాస్తుంది, ఇక్కడ మనం రాయాలి. మెయిల్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5322, 2008లో వచ్చింది, అందులో దీనికి రీసెంట్ అన్న పేరుతో మొదలయ్యే లైన్లు పెట్టారు. పైన.టెక్స్ట్ అని చిన్న ఫైలు చేసి మూడు లైన్లు రాయండి:

రీసెంట్-ఫ్రమ్: మీ ఐడీ
రీసెంట్-డేట్: ఇప్పటి తేదీ
రీసెంట్-టూ: ఆడిటర్ ఐడీ

తేదీ చేత్తో రాయకండి, "డేట్ -ఆర్" అని, ఆర్ పెద్ద అక్షరం, కొడితే సరైన రూపంలో చూపిస్తుంది, కాపీ చేసి పెట్టండి. తర్వాత:

క్యాట్ పైన.టెక్స్ట్ ఇన్‌వాయిస్.ఈఎంఎల్ | సెండ్‌మెయిల్ -ఐ -ఎఫ్ మీఐడీ ఆడిటర్‌ఐడీ

మూడో లైను తర్వాత ఒక్క ఎంటర్ ఉండాలి, రెండు ఉండకూడదు. మెయిల్‌లో ఖాళీ లైను వచ్చిందంటే హెడర్లు అయిపోయాయని అర్థం. అక్కడ ఖాళీ లైను ఉంటే అసలు మెయిల్ హెడర్లు, అటాచ్‌మెంట్ అంతా పిచ్చి అక్షరాల కుప్పగా మెయిల్ లోపల కనిపిస్తుంది. అసలు ఎంటరే లేకపోతే మీ లైను, పాత మెయిల్ మొదటి లైను అతుక్కుపోతాయి.

6. ఫోల్డర్ నిండా ఫైళ్లు ఉంటే:

ఫర్ ఎఫ్ ఇన్ *.ఈఎంఎల్; డూ క్యాట్ పైన.టెక్స్ట్ "$ఎఫ్" | సెండ్‌మెయిల్ -ఐ -ఎఫ్ మీఐడీ ఆడిటర్‌ఐడీ; స్లీప్ 5; డన్

స్లీప్ 5 అంటే ఒక్కోదానికి మధ్య ఐదు సెకన్లు ఆగడం. అవతలి సర్వర్ ఒక్కసారిగా యాభై వచ్చేసరికి అనుమానపడకుండా. $ఎఫ్ చుట్టూ కోట్స్ తప్పనిసరి, మన ఆఫీసుల్లో ఫైలు పేర్ల నిండా స్పేస్‌లే. మొదట రెండే రెండు ఫైళ్లు ఉన్న ఫోల్డర్‌లో నడిపి చూడండి.

ఎస్‌నెయిల్ అలవాటున్నవాళ్లకు అందులో రీసెండ్ అనే కమాండ్ ఉంది. చిన్న ఆర్‌తో కొడితే రీసెంట్ లైన్లు కలుపుతుంది, పెద్ద ఆర్‌తో కొడితే ఏమీ కలపదు. చిన్నదే వాడండి.

చేరిందో లేదో చూడటం

కమాండ్ ఎర్రర్ లేకుండా అయిపోయిందంటే మెయిల్ చేరిందని కాదు, మీ సర్వర్ క్యూలో పడిందని మాత్రమే. "మెయిల్‌క్యూ" కమాండ్‌కి పేరు మెయిల్ అని రాసి చివర ఒక్క క్యూ అక్షరం. అది కొడితే ఇంకా వెళ్లనివి కనిపిస్తాయి. తర్వాత లాగ్. ఉబుంటు, డెబియన్ అయితే వార్ లోపల లాగ్ ఫోల్డర్‌లో మెయిల్.లాగ్, రెడ్‌హ్యాట్ రకాలైతే మెయిల్‌లాగ్. అందులో ఆడిటర్ ఐడీ వెతికితే స్టేటస్ అన్న మాట పక్కన మూడింటిలో ఒకటి ఉంటుంది. సెంట్ అంటే అవతలి సర్వర్ తీసుకుంది. డిఫర్డ్ అంటే ప్రస్తుతానికి ఆగింది, సర్వర్ తనే మళ్లీ ప్రయత్నిస్తుంది, మీరు ఇంకోసారి పంపొద్దు. బౌన్స్డ్ అంటే తిప్పికొట్టారు, పక్కనే కారణం ఉంటుంది, చదవండి. అంకెలు 4తో మొదలైతే తాత్కాలికం, 5తో మొదలైతే అవతలివాళ్లు ఖాయంగా కాదన్నట్టు.

లాగ్‌లో సెంట్ అని ఉండి ఆడిటర్ "రాలేదు" అంటే మూడు చోట్ల చూడమనండి. మొదటిది స్పామ్. రెండోది తేదీ. మెయిల్ మీద పాత తేదీయే ఉంటుంది కాబట్టి, తేదీ వరసలో చూపించే ప్రోగ్రామ్‌లలో అది పైన ఉండదు, పోయిన ఏడాది మెయిల్స్ మధ్యలో ఎక్కడో కూర్చుని ఉంటుంది. బయ్యర్ పేరుతో వెతకమనండి. మూడోది, ఆయనకు ఆ మెయిల్ అంతకుముందే సీసీలో వచ్చి ఉండొచ్చు. మెసేజ్ ఐడీ మారదు కాబట్టి జీమెయిల్ రెండోదాన్ని కొత్తగా చూపించకపోవచ్చు. మీ జీమెయిల్‌లో ఉన్న మెయిల్‌నే మళ్లీ మీ జీమెయిల్‌కి పంపి టెస్ట్ చేస్తే ఇదే జరుగుతుంది, టెస్ట్ ఐడీ వేరే కంపెనీది ఉండాలన్నది అందుకే.

స్పామ్‌లో పడుతున్నా, తిరిగొస్తున్నా, టెస్ట్‌కి ఒక జీమెయిల్ ఐడీకి పంపి, కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ మెయిల్ మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ తెరవండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు లైన్లు ఉంటాయి, పంపినవాళ్లు అసలువాళ్లేనా అని అవతలి సర్వర్ చేసే తనిఖీలు ఇవి. ఎస్‌పీఎఫ్ కవరు మీది మీ డొమైన్‌ని చూస్తుంది. ఉత్తరం బయ్యర్ పేరుతో ఉంది కాబట్టి డీమార్క్ దగ్గర మనల్ని నిలబెట్టేది బయ్యర్ సర్వర్ వేసిన డీకిమ్ సంతకం ఒక్కటే. లోపల ఒక్క అక్షరం మార్చినా, మీ సర్వర్ కింద "ఈ మెయిల్ రహస్యం" లాంటి నాలుగు లైన్లు కలిపినా, సబ్జెక్ట్‌లో ఆడిట్ కాపీ అని రాసినా ఆ సంతకం చెల్లదు. మంచి ఉద్దేశంతోనే సబ్జెక్ట్ మారుస్తారు చాలామంది, దయచేసి వద్దు. బయ్యర్ అసలు డీకిమ్ వేయకుండా పంపి, తన డొమైన్‌కి డీమార్క్ గట్టిగా పెట్టుకుని ఉంటే ఈ దారిలో ఆ మెయిల్ చేరడం కష్టం.

అటాచ్‌మెంట్ మారలేదని ఆడిటర్ రాతపూర్వకంగా అడిగితే, రెండు వైపులా ఆ పీడీఎఫ్ మీద "షా256సమ్ ఫైలుపేరు" నడపండి. వచ్చే పొడవాటి వరస రెండు చోట్లా ఒకటే అయితే ఫైలు ఒక్క అక్షరం కూడా మారలేదని.

ఇంకో సంగతి ఆయనకు ముందే చెప్పండి. ఆ మెయిల్‌కి రిప్లై కొడితే మీకు రాదు, నేరుగా బయ్యర్‌కి వెళుతుంది. "ఈ ఇన్‌వాయిస్‌లో తేడా ఉంది" అని మీకు రాయబోయి బయ్యర్‌కి రాస్తే బాగుండదు కదా. అనుమానాలుంటే ఫోన్ చేయమనండి.

సొంత సర్వర్ లేనివాళ్లకు

మెయిల్‌ని మెయిల్‌గానే అటాచ్ చేసి పంపండి. మట్‌లో అయితే మట్ఆర్‌సీలో "సెట్ మైమ్_ఫార్వర్డ్ = యెస్" అని పెట్టి, మెయిల్ మీద ఎఫ్ నొక్కాలి. జీమెయిల్‌లో అయితే బ్రౌజర్‌లో మెయిల్స్ ఎంచుకుని ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్. పైన మీ పేరుతో మెయిల్ వెళుతుంది, లోపల అసలు మెయిల్ హెడర్లతో సహా ఈఎంఎల్ ఫైలుగా ఉంటుంది. తిప్పికొట్టే బాధ తక్కువ, రిప్లై కూడా మీకే వస్తుంది. జీమెయిల్‌లో మొత్తం 25 ఎంబీ దాటకుండా చూసుకోండి, నలభై మెయిల్స్ అయితే విడతలుగా పంపండి. నిజం చెప్పాలంటే ఆడిటర్ దీనికి సరే అంటే నేనూ ఇదే చేస్తాను, ముందు ఆయన్ని అడగండి.

అన్నీ పంపాక, కాగితం మీద రాసుకున్న అంకె తీయండి. లాగ్‌లో సెంట్ అని వచ్చినవి ఎన్నో లెక్కపెట్టండి, ఆడిటర్‌ని ఆయన దగ్గర ఎన్ని ఉన్నాయో అడగండి. మూడూ కలిసేదాకా కాపీల ఫోల్డర్ ఉంచండి. కలిశాక పెన్‌డ్రైవ్‌లో, డెస్క్‌టాప్ మీద చేసుకున్న కాపీలు మాత్రమే తీసేయండి, అసలు మెయిల్స్, అసలు ఫైళ్లు అలాగే ఉండనివ్వండి.